కాలవగట్టు మీద కక్ష

ఏప్రిల్ 6, ఆదివారం

గేటుకి తాళం వేసేశారు.

ఇంతకంటే రాయాలని లేదు. రాయకపోతే కడుపు ఉబ్బి పోయేలా ఉన్నాను. మా ఆయనకు చెబితే "పోనీలే, ఇంకో దారి చూసుకో" అన్నాడు. ఇంకో దారి చూసుకోవడానికి అదేమన్నా చెప్పుల జతా?

పండ్ల తోట వెనక కాలవగట్టు బాట నేను వెతికి పట్టుకున్నది. మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. ఆ రోజునుంచి లారీలు లేని దారి కోసం ఈ చుట్టుపక్కల నేను దూరని సందు లేదు. పాలవ్యాను వెనకాల పడి వెళ్ళాను. ఆరేసిన దుప్పట్ల మీద దుమ్ము ఉందా అని చూసుకుంటూ వెళ్ళాను. దుప్పటి తెల్లగా ఉందంటే ఆ పక్క బండ్లు తిరగవు. సైకిల్ని చూసి కుక్క లేచి నిలబడితే ఇంకా మంచిది, అంటే అది రోజూ సైకిళ్ళు చూసే కుక్క కాదు. అలా పోగా పోగా దొరికింది ఆ గట్టు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పండ్ల చెట్లు, నడుమ గడ్డి మొలిచిన బాట. ఈ గేటు నుంచి ఆ గేటు దాకా మనిషి గొంతు వినపడదు. వారమంతా కళ్ళద్దాల షాపు వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషను పక్కన కూర్చునే నాకు అదే మందు.

అది తోటామె సొంత స్థలం. దొంగతనంగా దూరలేదు నేను. అడిగాను. వద్దంటే మళ్ళీ వెళ్ళి అడిగాను. చివరికి "తీసిన గేటు వేసి వెళ్తావా?" అంది. అదొక్కటే షరతు. వాన పడుతున్నా సైకిలు దిగి, గొళ్ళెం పెట్టి, ఒకసారి లాగి చూసి మరీ వెళ్ళాను.

ఇవాళ తోటామె నిచ్చెన దిగకుండానే చెప్పింది.

"పోయిన ఆదివారం ఎనభై మంది వచ్చారు. గేటు బార్లా తెరిచి పోయారు. దూడ రోడ్డెక్కి కాలు విరగ్గొట్టుకుంది. ఇంక ఎవరూ రావద్దు. నువ్వూ రావద్దు."

"నేను కాదు పిన్నిగారూ."

"నువ్వు కాదు, మీ ఇంట్లో ఇంకొకావిడ. ఆవిడకి దారి చూపించింది మాత్రం నువ్వేగా."

ఇంకొకావిడంటే మా తోడికోడలు. పైవాటా మహారాణి.

ఏప్రిల్ 7, సోమవారం

చూపించింది నేనే. అదే నా కడుపుమంట.

కడుపు ఆపరేషనయ్యాక మా తోడికోడలు చాలాకాలం గదిలోంచి బయటికి రాలేదు. ఒకరోజు మెట్లు దిగొచ్చి "అక్కా, ఇంట్లో ఊపిరాడట్లేదు. నన్నూ తీసుకెళ్ళవా" అంది. జాలిపడ్డాను. నా పాత సైకిలు సీటు దింపి దానికిచ్చాను. గట్టు మధ్యలో ఆగి, కాలవలో ముఖం కడుక్కుని, కాసేపు ఏడ్చింది కూడా. నేను అటు తిరిగి నిలబడ్డాను, చూడనట్టు. దాని జేబులో ఫోను దారి మొత్తం గీసుకుంటోందని నాకేం తెలుసు?

ఆ తరవాత గ్రూపు పెట్టింది. పేరు 'నిశ్శబ్ద దారులు'. అందులో మూడొందల మంది. మూడొందల మంది నిశ్శబ్దంగా ఎలా ఉంటారో ఆ మహారాణికే తెలియాలి. ప్రతి ఆదివారం ఒక ఫోటో, కింద "నేను కనిపెట్టిన మరో దారి". అన్నీ నావే. పాలవ్యాను దారి నాది. ఇటుకబట్టీ వెనక దారి నాది. ఇంతవరకూ పళ్ళు బిగించుకుని ఊరుకున్నాను. గట్టు జోలికి రాకుండా ఉండాల్సింది.

దీని ఉసురు తగలకుండా పోదు. తగలకపోతే నేనే తగిలిస్తాను.

ఏప్రిల్ 9, బుధవారం

పొద్దున టీ తాగుతుంటే కిందికి వచ్చింది. "అక్కా, నీ పంపు ఒకసారి ఇస్తావా?"

ఇచ్చాను. నవ్వుతూ ఇచ్చాను.

"తోట గేటుకి తాళం పడిందటగా," అంది పంపు అందుకుంటూ. నా ముఖం చూడలేదు. "నేను చూసుకుంటాలే అక్కా."

చూసుకుంటుందట. కాలు విరిగింది దూడకి, దారి పోయింది నాకు, చూసుకునేది తనూ. చల్లగా ఒక మాట పడేసి మెట్లెక్కి పోయింది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నట్టున్నాను, అత్తగారు చదివే పేపరు కిందికి దించింది.

"ఏం ఆలోచిస్తున్నావే పెద్దమ్మాయ్?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే నువ్వలా నవ్వవు."

ఆవిడకి ఎనభై దాటాయి. చెవులు సరిగా వినపడవు గానీ ముఖాలు మాత్రం బాగానే వినపడతాయి.

ఏప్రిల్ 10, గురువారం

షాపులో అద్దం ఒకటి పగలగొట్టాను.

ఏప్రిల్ 12, శనివారం

ఇరవయ్యో తారీఖు ఆదివారం మహారాణి గ్రూపుకి పెద్ద సైకిలు సవారీ అట. పేపరు ఫోటోగ్రాఫరు కూడా వస్తాడట. దారి ఏదో ఇంకా చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఉన్న మంచి దారికి తాళం వేయించింది. ఇక కొత్తది కావాలంటే నేను వెతికి పెట్టాలి. సైకిల్ యాప్‌లో నేను ఎటు వెళ్తే అటు ఎర్ర గీత పడుతుంది, అది దానికి కనిపిస్తుంది. ఆ గీత పట్టుకునే ఇన్నాళ్ళూ నా వెనకాల వచ్చింది. ఫోను మూసేద్దామనుకున్నాను. మూయలేదు.

మూయకపోవడమే మంచిదయింది.

ఇవాళ షాపు నుంచి తిన్నగా కాలవ నీళ్ళు వదిలే లాకుల దగ్గరికి వెళ్ళాను. లాకుల కింద, తోటకి అవతలి పక్క నల్లరేగడి పొలాల మధ్య ఒక బాట ఉంది. ఎండినప్పుడు బల్లలా ఉంటుంది. ఎప్పటిలాగే ముందు లాకులాయన్ని అడిగాను.

"బాబాయ్, ఈ బాటలో వెళ్ళొచ్చా?"

"ఈ వారమంతా వెళ్ళండి మేడం, ఇబ్బంది లేదు. పంతొమ్మిది సాయంత్రం నీళ్ళు వదుల్తాం. ఆ పైన రెండ్రోజులు అటు కాలు పెట్టకండి. చెప్పు దిగితే చెప్పు వదిలేసుకోవాల్సిందే."

"పంతొమ్మిదేనా? మారదుగా?"

"మా నీళ్ళ వంతు ఎన్నడైనా మారిందా?"

థాంక్స్ చెప్పాను. ఎంత మర్యాదగా చెప్పానంటే ఆయన కూడా నవ్వాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

తొక్కాను. మొదటినుంచి చివరిదాకా తొక్కాను, ఫోను జేబులో పెట్టుకుని. ఎర్ర గీత ఎక్కడా తెగకుండా చక్కగా పడింది. రెండు పక్కలా పచ్చటి పైరు, తలెత్తితే ఒక్క కరెంటు తీగ లేదు. అబద్ధం ఎందుకు, బాగుంది. గట్టంత కాదు. గట్టంత బాగున్నది ఇంకెక్కడా లేదు.

నాలుగు ఫోటోలు పెట్టి పైన రాశాను: 'ఇంతవరకూ ఎవరికీ చెప్పని దారి.'

టీ కాచుకునే లోపలే మహారాణి దగ్గర్నుంచి ఎర్ర గుండె బొమ్మ వచ్చింది.

నీళ్ళ సంగతి రాయలేదు. రాయాలని రూలేమీ లేదు. వెళ్ళేవాళ్ళు అడిగి వెళ్ళాలి. నేను అడగలేదా? గీత చూసి గుడ్డిగా తొక్కేవాళ్ళకి నేను బాధ్యురాల్నా?

ఏప్రిల్ 15, మంగళవారం

ఖరారైంది. గ్రూపులో ప్రకటించింది. నా గీతే, ఒక్క మలుపు కూడా మార్చలేదు.

షాపులో పాట పాడుకుంటూ పని చేశానట. ఓనరు ఇంట్లో ఏమైనా శుభవార్తా అని అడిగాడు.

ఏప్రిల్ 18, శుక్రవారం

రిటైరైన పోస్టుమాను కొత్త కళ్ళజోడు తీసుకెళ్ళడానికి వచ్చాడు. దగ్గర చూపుకీ దూరం చూపుకీ కలిపి ఒకటే. అలవాటయ్యేదాకా మెట్లు దిగేటప్పుడు జాగ్రత్తని చెబుతున్నాను.

"ఆదివారం సైకిలు మీద అలవాటైపోతుంది మేడం. మీ తోడికోడలుగారి గ్రూపులో చేరాను. మా ఆవిడ పోయాక ఇదే మొదటిసారి నలుగురిలోకి రావడం."



ఈయన సంగతి నేను అనుకోలేదు. ఎండలు మండుతున్నాయి కదా, రాకపోతేనే మంచిదని నసిగాను. "ఎండకేం మేడం, ముప్ఫయ్యేళ్ళు సైకిలు మీదే ఉత్తరాలు పంచాను" అన్నాడు.

బురదలో పడి ఎవరూ చావరు. కాళ్ళు కడుక్కుంటే పోతుంది.

ఏప్రిల్ 19, శనివారం

సాయంత్రం బాల్కనీలో నిలబడ్డాను. ఇక్కడినుంచి కాలవ కనపడదు. అయినా నిలబడ్డాను.

ఇప్పుడు పైకి వెళ్ళి ఒక్క మాట చెబితే అయిపోతుంది. పైన నవ్వులు వినిపిస్తున్నాయి, మా మరిది టైర్లకి గాలి కొడుతున్నాడు. నా పంపుతో.

చెప్పలేదు. బురదకి ఎవరూ చావరు.

ఏప్రిల్ 20, ఆదివారం

మోకాలు నొప్పని ఇంట్లోనే ఉండిపోయాను. ఉల్లిపాయలు తరుగుతూ ఫోను ఎదురుగా పెట్టుకున్నాను.

ముందు బయల్దేరిన ఫోటోలు వచ్చాయి. అందరూ తెల్ల చొక్కాలు. తరవాత చాలాసేపు ఏమీ రాలేదు. ఆ తరవాత మొదలైంది. చక్రాలకి బురద పట్టి ఒక్కొక్కటీ తిరగలి రాయంత అయింది. తొక్కడానికి లేదు, నెట్టడానికి లేదు. భుజాన ఎత్తుకుంటే కాలు కూరుకుపోతోంది. ఒకాయన ఒంటి బూటుతో నిలబడి రెండో బూటు కోసం మోచేయిదాకా చెయ్యి దించాడు. ఒక ఫోటోలో మహారాణి, సైకిలు నెత్తిన పెట్టుకుని, ముక్కు మీద బురద. రేపు పేపర్లో పడేది ఇదే.

బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి నవ్వాను. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. దూడ కాలుకి, తాళానికి, 'నేను కనిపెట్టిన దారి'కి, అన్నిటికీ కలిపి నవ్వాను. ఇంత హాయి గట్టు మీద కూడా ఎరగను.

బయటికొచ్చాక ఎవరో ఒక వీడియో పెట్టారు. పొద్దున బయల్దేరే ముందు తీసింది. మెట్ల మీద నిలబడి మహారాణి మాట్లాడుతోంది.

"ఒక మాట చెప్పాలి. ఈ దారి నాది కాదు. ఇంతకుముందు నేను చూపించినవి కూడా ఏవీ నావి కాదు. అన్నీ మా అక్క కనిపెట్టినవి. నావని చెప్పుకున్నందుకు సిగ్గుగా ఉంది. మా అక్కకి నా మీద కోపం, ఉండాల్సిందే. అయినా పోయిన ఆదివారం ఈ దారి పెట్టింది. నాకోసమే పెట్టిందని నాకు తెలుసు."

అందరూ చప్పట్లు కొట్టారు. నా పేరుకి.

వీడియో మళ్ళీ పెట్టుకుని చూశాను. గ్యాసు మీద కూర మాడింది.

ఆ కిందే రాతలు మొదలయ్యాయి. 'ఆ అక్కగారికి దారులు తెలియవనుకుంటా.' 'పొలాల్లో ఎప్పుడు నీళ్ళు వదులుతారో అడక్కుండా పెట్టేసినట్టున్నారు.' దానికి మహారాణి జవాబు: 'అక్కకి నీళ్ళ సంగతి తెలియదండీ. పొరపాటు. ఆవిణ్ణి ఏమీ అనకండి.'

తెలియదట. నాకు.

ఏప్రిల్ 21, సోమవారం

పోస్టుమాను కళ్ళజోడు ఒక కాడ వంగింది. సందుల్లో నల్లమట్టి. కాడ సరిచేసి, మట్టి బ్రష్షుతో తీసి, తుడిచి ఇచ్చాను.

"పడ్డారా?"

"పడ్డానా అంటే, కూర్చుండిపోయాను. ఇద్దరు లాగారు. చాలా నవ్వుకున్నాం లెండి." పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. "మీరేం బాధపడకండి మేడం. తెలియక ఎవరికైనా అవుతుంది."

తల తీసేసినట్టయింది. తెలిసే చేశానని చెబితే ఈ ముసలాయన్ని బురదలో కూలదోసిన రాక్షసిని. ఊరుకుంటే అడక్కుండా దారి పెట్టిన తెలివితక్కువదాన్ని. నేను అడగకపోవడమా? పాలవ్యాను డ్రైవర్ని అడిగాను, ఇటుకబట్టీ మేస్త్రీని అడిగాను, కుక్క కరుస్తుందా అని కుక్కగల వాళ్ళని కూడా అడిగాను.

ఏది నయమో సాయంత్రం దాకా తేల్చుకోలేకపోయాను. అత్తగారు అన్నం దగ్గర "కడుపు నిండిందా?" అంది. అన్నం గురించే అడిగిందనుకుంటాను.

ఏప్రిల్ 22, మంగళవారం

తేలిపోయింది. రాక్షసినైనా పరవాలేదు.

వెనక పెరట్లో మహారాణి సైకిలు తిరగేసి పెట్టుకుని, పాత పళ్ళ బ్రష్షుతో గొలుసుకున్న మట్టి తోముతోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నీళ్ళొస్తాయని నాకు తెలుసు."

తోమడం ఆపలేదు. "తెలుసులే అక్కా."

"ఏం తెలుసు నీకు?"

"లాకులాయన గట్టు మీదనుంచి చూసి పరిగెత్తుకొచ్చాడు. 'పెద్దమేడంకి చెప్పానే, పంతొమ్మిదని రెండుసార్లు అడిగారు కూడా' అన్నాడు. పక్కకి తీసుకెళ్ళి నోరు మూయించా."

"మరి నాకు తెలియదని రాశావేం?"

"ఏం రాయమంటావ్? మా అక్క కావాలనే నలభై మందిని ముంచిందని రాయనా? పోస్టుమాను తాతగార్ని లాగుతుంటే నేనే ఏడ్చాను అక్కా. నన్నొక్కదాన్నే ముంచాల్సింది." బ్రష్షు బకెట్లో పడేసింది. "ఆ రోజు తోట గేటు ఆఖర్న దాటింది నేనే. వెనక ఇంకెవరో వస్తున్నారనుకుని వదిలేశాను. దూడకి కట్టు కట్టించాను, కంచె బాగు చేయించాను. నీకు చెప్పడానికే ముఖం చెల్లలేదు. నువ్వొచ్చి తిడతావని రోజూ చూశాను. తిట్టవు, పంపు ఇస్తావు, నవ్వుతావు. తిట్టుంటే ఎంత బాగుండేది."

"నా దారులు తీసుకున్నావు."

"తీసుకున్నాను."

"గట్టు కూడా."

"అదీ తీసుకున్నాను. నేను చచ్చిపోతాననుకున్న రోజు నువ్వు నన్ను అక్కడికి తీసుకెళ్ళావు. అందరికీ చూపించాలనిపించింది. నీదని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు."

బకెట్లోంచి బ్రష్షు తీసి దాని పక్కన పెట్టాను.

"ఇప్పుడు సరికి సరి అక్కా," అంది.

ఎవరు చెప్పారు సరికి సరని? ఆ లెక్క తనే వేసి, తనే కొట్టేసి, తనే క్షమించేసింది. ఒళ్ళు మండిపోయింది. ఇంత మండటం ఆ తాళం చూసినప్పుడు కూడా లేదు.

వచ్చేస్తుంటే వెనకనుంచి పిలిచింది. "తోటామె గేటు తీస్తానంది. మనిద్దరికే."

"నాకక్కర్లేదు."

"ఇద్దరం కలిసి వెళ్తేనే తీస్తుందట. ఒక్కరొస్తే తీయదట. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంటారు కాబట్టి గేటు పడుతుందంది."

ఏప్రిల్ 24, గురువారం

వెళ్ళను. దాని పుణ్యాన దొరికే దారి నాకు వద్దు.

ఏప్రిల్ 26, శనివారం

గొలుసుకి నూనె వేశాను. వెళ్ళడానికి కాదు, తుప్పు పడుతుందని.

ఏప్రిల్ 27, ఆదివారం

వెళ్ళాం.

తోటామె తాళం తీసి, మా ఇద్దర్నీ పైనుంచి కిందిదాకా చూసి, "ఆ చివర నేను లేకపోయినా మా ఆయన ఉంటాడు. ఇద్దరూ కనపడాలి" అంది. నేనేదో బడిపిల్లనన్నట్టు. గేటు నేను వేశాను. మహారాణి వచ్చి గొళ్ళెం లాగి చూసింది.

ఎదురుగాలి. బాటలో పక్కపక్కన పోవడానికి చోటు లేదు. "నువ్వు ముందెళ్ళు అక్కా" అంది. ఎందుకనదు? ముందున్నవాళ్ళు గాలి కోసుకుంటూ పోతే, వెనకున్నవాళ్ళకి సగం కష్టం ఉండదు. ఆ సంగతి దానికి నేర్పిందీ నేనే. నా వీపు చాటున హాయిగా తొక్కుకుంటూ వస్తోంది. నీళ్ళు, ఆకులు, రెండు గొలుసుల చప్పుడు.

సగం దూరం పోయాక బలంగా తొక్కాను. గాలికి వదిలేసి పోదామని. నాకు మోకాళ్ళ నొప్పి, అయినా దానికంటే నా కాళ్ళే గట్టివి. దాని గొలుసు చప్పుడు వెనకబడింది. ఇంకా తొక్కాను. కాసేపటికి అసలు వినపడలేదు. నేను కోరుకున్న నిశ్శబ్దం పూర్తిగా దొరికింది. వెనక్కి తిరిగి చూశాను. చాలా దూరంలో ఉంది, కడుపు దగ్గర చెయ్యి పెట్టుకుని, ఒంటిచేత్తో హ్యాండిలు పట్టుకుని వస్తోంది. ఆపరేషన్ కుట్లు ఇంకా లాగుతాయని ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

బ్రేకు వేసి కాలు కింద పెట్టాను. వచ్చేదాకా నిలబడ్డాను. దగ్గరికి వచ్చాక మళ్ళీ ముందుకి కదిలాను, ఈసారి మెల్లగా, గాలి దానికి తగలకుండా.

ఆ చివర ఇద్దరం కలిసి కనపడకపోతే తోటామె మళ్ళీ తాళం వేస్తుంది. అందుకే ఆగాను. ఇంకెందుకూ కాదు.